ఇంతవరకూ తిననిది ఏది?

పిల్లి అదేపనిగా మెడ గోక్కుంటోందంటే చాలా ఇళ్లలో ముందు మారేది తిండి సంచి. చేపది మానేసి చికెన్‌ది తెస్తారు. అదీ పడకపోతే ఇంకాస్త ఖరీదైనది. ఆ తర్వాత పెట్ షాపువాడు ‘ఇది ఇంపోర్టెడ్ సార్, స్కిన్‌కి చాలా మంచిది’ అన్నది. నెలలు గడిచేసరికి అటక మీద సగం మిగిలిన సంచులు నాలుగు పోగవుతాయి. పిల్లి మెడ మీద పెచ్చులు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. ఆ సంచులను తిరగేసి వెనక సన్నక్షరాలు చదివితే నాలుగింటిలోనూ చికెన్ కనిపిస్తుంది, చేప బొమ్మ వేసినదాంట్లో కూడా.

అందుకే ఈ అధ్యాయంలో ఫలానా బ్రాండ్ కొనండి అని చెప్పను. అలర్జీ ఉన్న పిల్లులన్నిటికీ పనికొచ్చే ‘మంచి తిండి’ బజార్లో దొరకదు. ఒక పిల్లి హాయిగా తినే చేప ఇంకో పిల్లికి పుండ్లు తెప్పిస్తుంది. షాపులో నిలబడి ‘ఏది మంచిది?’ అని అడిగితే వచ్చే జవాబు షాపువాడి సరుకును బట్టి ఉంటుంది. ఇంట్లో కూర్చుని ‘మా పిల్లి ఇంతవరకూ తిననిది ఏది?’ అని అడిగితే వచ్చే జవాబు పనికొస్తుంది.

ఈ ప్రశ్న ఎందుకో చెబుతాను. ‘మూడేళ్లుగా ఇదే తింటోంది, ఇన్నాళ్లూ లేని దురద ఇప్పుడెందుకొస్తుంది? తిండి వల్ల కాదులెండి’ అని ధీమాగా అనేవాళ్లు చాలామంది. నిజానికి అనుమానించాల్సింది ఆ మూడేళ్ల తిండినే. అలర్జీ తిండి పాడైపోయినందువల్లో, చవకదైనందువల్లో రాదు. పిల్లి రోగనిరోధక వ్యవస్థ ఏదో ఒక ప్రోటీన్‌ను శత్రువని పొరబడి దాని మీద యుద్ధం ప్రకటిస్తుంది. అలా పొరబడాలంటే ముందు ఆ ప్రోటీన్ ఒంట్లోకి వెళ్లి ఉండాలి. పరిచయం లేనిదాని మీద పగ పుట్టదు.

ముందు తిండి మీద పడకండి

చర్మం దురదకు తిండి కారణమయ్యే పిల్లులు ఉన్నాయి, కానీ వాటికంటే ముందు తేల్చుకోవాల్సిన వాటి జాబితా పెద్దదే. అందులో మొదటిది ఫ్లీ పురుగు. గోమారి కాదు. గోమారి చర్మానికి అతుక్కుని కంటికి కనిపిస్తుంది. ఇది ఆవగింజంత ఉండి, బొచ్చులో పరుగెత్తి, చటుక్కున ఎగిరే గోధుమరంగు పురుగు. కొన్ని పిల్లులకు దాని లాలాజలమే అలర్జీ. ఒకటి రెండు కాట్లు చాలు, రోజుల తరబడి గోక్కుంటాయి.

‘మా పిల్లి ఒంటి మీద పురుగులే లేవండి’ అనే మాటను నేనైతే సగమే నమ్ముతాను. పిల్లి నాలుక మీద ముళ్లలాంటివి ఉంటాయి. దురద పుట్టినకొద్దీ అది నాక్కుంటుంది, నాక్కున్నకొద్దీ పురుగులను మింగేస్తుంది. మీకు కనిపించకపోవడానికి అదీ ఒక కారణం. పరీక్ష చాలా తేలిక. సన్న పళ్ల పేల దువ్వెనతో తోక మొదట్లో దువ్వి, దువ్వెనకు వచ్చిన నల్లటి నలుసులను తడిపిన తెల్ల టిష్యూ మీద రాల్చండి. కాసేపటికి వాటి చుట్టూ ఎర్రగా ఊరితే అవి పురుగు విసర్జించినవి. ఆ ఎరుపు మీ పిల్లి రక్తం. నలుసులు అలాగే నల్లగా ఉండిపోతే మామూలు దుమ్ము.

పురుగు కనిపించినా కనిపించకపోయినా, తిండి పరీక్షకు దిగేముందు డాక్టర్ చెప్పిన ఫ్లీ మందు వేయించడం మంచి పద్ధతి. ఇంట్లో ఇంకో పిల్లో కుక్కో ఉంటే వాటికీ వేయాలి. మన వేడికి, ఉక్కకు ఈ పురుగు ఏడాది పొడవునా బతుకుతుంది. సోఫా సందుల్లో, పరుపు కింద గూళ్లలో ఉన్న పిల్ల పురుగులు వారాల తరబడి పొదుగుతూనే ఉంటాయి కాబట్టి ఒక నెల మందుతో ఆపేయకూడదు.

ఇక్కడ కొంచెం గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. కుక్కల మెడ మీద వేసే చుక్కల మందుల్లో కొన్నింటిలో పెర్మెత్రిన్ ఉంటుంది. కుక్కకు ఏమీ కాదు, పిల్లి చచ్చిపోవచ్చు. ‘కుక్కది కొంచెం మిగిలింది, సగం వేస్తే చాలదా’ అనే పొదుపు ఇక్కడ వద్దు. వేపనూనె, కర్పూరం, పసుపు ముద్ద లాంటి ఇంటి వైద్యాలు కూడా వద్దు. పిల్లి ఒంటికి రాసింది ఏదైనా గంటలోపు దాని కడుపులోకి పోతుంది.

రెండోది తామర. పర్షియన్ పిల్లుల్లో ఇది బాగా ఎక్కువ. బొచ్చు గుండ్రంగా ఊడిపోతుంది, మనుషులకూ అంటుకుంటుంది. ఇంట్లో పిల్లవాడి చేతి మీద గుండ్రటి మచ్చ లేచిందంటే పిల్లి తిండి సంగతి పక్కన పెట్టి ఇద్దరినీ వేర్వేరు డాక్టర్లకు చూపించండి. చెవిలో పురుగులు, గజ్జి, దుమ్ములోని మైట్లు, పుప్పొడి, ఇవన్నీ చూడ్డానికి దాదాపు ఒకేలా ఉంటాయి. తల, మెడ గోక్కుంటే తిండి అని, తోక దగ్గరైతే ఫ్లీ అని కొందరు చెబుతారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ మచ్చ ఉన్న చోటు చూసి కారణం తేల్చేయడం ఏ డాక్టర్‌కూ సాధ్యం కాదు. ఏ కాలంలోనూ తగ్గని దురద, దానికి తోడు తరచూ వాంతులో, పల్చటి విరేచనమో ఉంటే మాత్రం తిండి మీద అనుమానం బలపడుతుంది.

హైదరాబాద్ రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వెటర్నరీ కాలేజీల ఆస్పత్రుల్లో చర్మం గీకి సూక్ష్మదర్శిని కింద చూసే పరీక్షలు చేస్తారు. ఈ కాస్త పని ముందే చేయించుకుంటే తర్వాత చెప్పబోయే వారాల శ్రమ వృథా కాదు.

రక్తపరీక్ష చేయిస్తే ఏ తిండి పడదో తెలిసిపోదా అని అడుగుతారు. నగరాల్లో ఇలాంటి అలర్జీ ప్యానెళ్లు చేస్తున్నారు, డబ్బూ బాగానే తీసుకుంటున్నారు. తిండి విషయంలో వాటిని నమ్మలేం. ఏ దురదా లేని జంతువులకు కూడా అవి ‘అలర్జీ ఉంది’ అని చూపిస్తాయి. బొచ్చు, ఉమ్మి పంపితే చాలు అనే కిట్ల సంగతి ఇంకా దారుణం. 2019లో వచ్చిన ఒక అధ్యయనంలో, కుక్కల కోసం అమ్మే అలాంటి కిట్‌కు బొమ్మ జంతువు కృత్రిమ బొచ్చునూ, ఉత్త సెలైన్ నీళ్లనూ నమూనాలుగా పంపారు. వాటికీ అలర్జీలు ఉన్నాయని రిపోర్టు వచ్చింది. తిండి అలర్జీ తేల్చేది ఒక్కటే: తిండి మార్చి చూడటం. పద్ధతిగా మార్చి చూడటం.

ఇంటిల్లిపాదీ చెప్పాల్సిన సాక్ష్యం

ఒక కాగితం తీసుకుని పిల్లి ఈ ఇంటికి వచ్చిననాటి నుంచి తిన్నవన్నీ రాయండి. సంచి పేర్లు రాసి ఊరుకుంటే చాలదు. ఏ మాంసం, ఏ చేప, పాలు, పెరుగు, గుడ్డు, నెయ్యి, బిస్కెట్, అన్నీ. ఈ పని ఒక్కరే కూర్చుని చేస్తే తేలదు, ఇంట్లో అందరినీ కూర్చోబెట్టాలి. అప్పుడు బయటపడే సంగతులు భలే ఉంటాయి. నానమ్మ రోజూ పొద్దున పాలమీగడ పెడుతోందని అబ్బాయికి తెలియదు. అబ్బాయి రాత్రి పూట బిర్యానీ ముక్క కడిగి పెడుతున్నాడని వాళ్లమ్మకు తెలియదు. పనమ్మాయి వాళ్లింట్లో చేపలు కడిగిన రోజు తలకాయలు తెచ్చిపెడుతుంది. పక్కింటి వాళ్లు ఎండు నెత్తళ్లు వేస్తారు. ఇందులో ఎవరి తప్పూ లేదు, అందరికీ ఆ పిల్లి అంటే ప్రాణం. కానీ ఈ కాగితం పూర్తి కాకుండా కొన్న ఏ సంచి అయినా చీకట్లో వేసిన రాయే.

2016లో ఒక పశువైద్య పరిశోధనా పత్రికలో మ్యూలర్, ఆలివ్రీ, ప్రెలో అనే ముగ్గురు నిపుణులు, తిండి అలర్జీ నిరూపణ అయిన 78 పిల్లుల వివరాలను ఒకచోట చేర్చారు. వాటిలో 18 శాతం పిల్లులకు బీఫ్, 17 శాతానికి చేప, 5 శాతానికి చికెన్ పడలేదు. గోధుమ, మొక్కజొన్న, పాల పదార్థాలు తలా 4 శాతం చొప్పున ఉన్నాయి. ఈ అంకెలను మనం కొంచెం జాగ్రత్తగా చదువుకోవాలి. అవి యూరప్, అమెరికా, ఆస్ట్రేలియా పిల్లులవి, అక్కడి గిన్నెల్లో బీఫ్ మామూలు. మన పిల్లుల్లో చాలావాటికి బీఫ్ వాసన కూడా తెలియదు. చికెన్, చేప, పాలు, వీటి మీదే పెరుగుతాయి. ఏ పిల్లి అనుమానితుల జాబితా ఆ పిల్లిదే.

ఆ అంకెల్లో ఇంకో సంగతి దాగుంది. పడనివాటిలో ఎక్కువ భాగం మాంసాలే, ధాన్యాలు చివర్లో ఉన్నాయి. అయినా షాపుల్లో ‘గ్రెయిన్ ఫ్రీ’ అని మెరిసే సంచినే అలర్జీకి మందులా అమ్ముతున్నారు. ధాన్యం తీసేసి అదే చికెన్ పోసిన సంచి మీ పిల్లికి ఎందుకు పనికొస్తుంది?

సంచి వెనక చదవడం

సంచి ముందు వైపు ప్రకటన, వెనక వైపు సాక్ష్యం. ‘ఓషన్ ఫిష్’ అని ముందు రాసినదాని వెనక పదార్థాల పట్టికలో చికెన్ మీల్, మొక్కజొన్న, సోయా ఉండటం మామూలే. అమెరికాలో ఉన్న మన వాళ్లకు ఒక మాట. అక్కడి లేబుల్ నియమాల ప్రకారం ‘విత్ ట్యూనా’ అనడానికి అందులో 3 శాతం ట్యూనా ఉంటే చాలు. ‘ట్యూనా ఫ్లేవర్’ అనడానికి అంత కూడా అక్కర్లేదు, రుచి తెలిస్తే సరిపోతుంది. మిగతాదంతా ఏమిటో వెనకే వెతుక్కోవాలి.

పట్టికలో జంతువు పేరు లేని మాటలు కనిపిస్తే ఆ సంచిని అక్కడే పెట్టేయండి. ‘మీట్ అండ్ యానిమల్ డెరివేటివ్స్’, ‘యానిమల్ ఫ్యాట్’, ‘పౌల్ట్రీ మీల్’, ‘డైజెస్ట్’ లాంటివి. అవి చెడ్డవని కాదు, ఏ జంతువుదో తెలియకపోతే మన పరీక్షకు పనికిరావు. షాపుల్లో బస్తా విప్పి కిలోల లెక్కన తూచి ఇచ్చే కిబుల్ (డ్రై ఫుడ్) సంగతి చెప్పనే అక్కర్లేదు. దానికి ముందూ లేదు, వెనకా లేదు.

‘కంప్లీట్’ అనే మాట ఉందో లేదో కూడా చూడండి. అంటే అదొక్కటే పెట్టినా పిల్లికి కావలసినవన్నీ అందుతాయని అర్థం. ‘కాంప్లిమెంటరీ’ అని ఉంటే అది చిరుతిండి. మనం ముద్దుగా నాకించే క్రీమ్ ప్యాకెట్లు ఎక్కువగా ఈ రెండో రకమే.

రెండు దారులు

పరీక్షకు తిండి ఎంచుకోవడంలో రెండు దారులున్నాయి. మొదటిది హైడ్రొలైజ్డ్ తిండి. ప్రోటీన్‌ను ఎంజైములతో చిన్న చిన్న ముక్కలు చేసి దీన్ని తయారు చేస్తారు. ఉత్తరాన్ని సన్నగా చింపి పోస్తే అందులో ఏం రాశారో ఎవరూ చదవలేరు కదా, అలాగే అంత చిన్న ముక్కల్లో రోగనిరోధక వ్యవస్థకు తన పాత శత్రువు ఆనవాలు దొరకదు. రాయల్ కానిన్ హైపోఅలర్జెనిక్‌లో సోయా ప్రోటీన్‌ను, హిల్స్ జెడ్/డిలో కోడి కాలేయాన్ని ఇలా ముక్కలు చేసి వాడతారు. ఇవి డాక్టర్ సలహాతో వాడాల్సిన రకాలు, ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. చికెన్ తీవ్రంగా పడని పిల్లికి ముక్కలు చేసిన చికెన్ కూడా ఎప్పుడైనా పడకపోవచ్చు. అందుకని మూల ప్రోటీన్ మీ కాగితం మీద లేనిదైతే మేలు.

రెండోది కొత్త మాంసం. కుందేలు, బాతు, పంది, జింక, ఏదైనా సరే మీ కాగితం మీద లేనిది. ఇక్కడ చుట్టరికాలు చూసుకోవాలి. బాతు, కౌజు పిట్ట రెండూ కోడికి దగ్గరి బంధువులు, కోడి పడని పిల్లికి అవీ పడకపోయే వీలుంది. బీఫ్‌కూ గొర్రె మాంసానికీ మధ్య కూడా అలాంటి బంధుత్వమే. చేపల్లో బొచ్చె పడకపోతే కొరమీను పడుతుందన్న భరోసా లేదు. ఇవన్నీ తీసేస్తే మన దగ్గర చాలా పిల్లులకు మిగిలేది కుందేలు. పెంపకం కుందేళ్ల మాంసం అమ్మే ఫారాలు ఉన్నాయి. అడవి కుందేలు జోలికి మాత్రం వెళ్లకండి, దాన్ని వేటాడటం నేరం. పంది మాంసం కూడా చాలా పిల్లులకు కొత్తదే, ఇంట్లోకి తేవడానికి అభ్యంతరం లేనివాళ్లు దాన్ని ఆలోచించవచ్చు.

‘కుందేలు’ అని రాసి షాపుల్లో మామూలుగా అమ్మే సంచుల విషయంలో ఒక చిక్కుంది. ఒకే ఫ్యాక్టరీలో, ఒకే యంత్రం మీద పొద్దున చికెన్, మధ్యాహ్నం కుందేలు ఆడితే రెండోదాంట్లో మొదటిది కొంత కలుస్తుంది. పట్టికలో లేని మాంసాలు సంచిలో ఉన్నాయని పరిశోధకులు చాలాసార్లు తేల్చారు. రోజువారీ తిండికి ఇది పెద్ద విషయం కాదు. పరీక్ష జరుగుతున్నప్పుడు మాత్రం ఆ కాస్త కల్తీయే మొత్తం పాడు చేస్తుంది. డబ్బు వీలైతే పరీక్ష వరకు హైడ్రొలైజ్డ్ వాడి, తేలాక చవకదానికి మారమని నా సలహా.

ఇంట్లో వండి పెడతామంటే? కొన్ని వారాలపాటు, ఆరోగ్యంగా ఉన్న పెద్ద పిల్లికి, డాక్టర్ రాసిచ్చిన కొలతలతో అయితే సరే. కూనలకు వద్దు. ఉప్పు, కారం, పసుపు ఏమీ లేకుండా ఒకే మాంసం ఉడికించాలి. ఉల్లి, వెల్లుల్లి అసలు తగలకూడదు. పిల్లి ఎర్ర రక్తకణాలను అవి నాశనం చేస్తాయి. ఉడికించిన నీళ్లు పారబోయకండి, టారిన్ అనే పదార్థం ఆ నీళ్లలోకి దిగిపోతుంది. పిల్లి దాన్ని తన ఒంట్లో తగినంత తయారు చేసుకోలేదు, తిండి నుంచే రావాలి. అది తక్కువైతే గుండె కండరం సాగి బలహీనపడుతుంది, కళ్లు పోతాయి. 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలో పాల్ పియాన్ బృందం, కంపెనీలు అమ్మే తిండి తిన్న పిల్లుల్లోనే ఇలాంటి గుండె జబ్బును గుర్తించి, టారిన్ ఇస్తే గుండె తిరిగి కోలుకుంటోందని చూపించింది. ఆ తర్వాతే కంపెనీలు టారిన్ మోతాదు పెంచాయి. కంపెనీలకే అంతవరకు తెలియని లెక్క మన వంటింట్లో ఉజ్జాయింపుగా కుదురుతుందనుకోవడం సాహసం.

శాకాహారుల ఇళ్ల గురించీ చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. పెరుగన్నం మీద బతుకుతున్నట్టు కనిపించే పిల్లి బయట ఎలుకనో బల్లినో పట్టుకుని లోటు పూడ్చుకుంటోంది. అపార్ట్‌మెంట్ ఐదో అంతస్తులో పిల్లికి ఆ వీలు లేదు. బాల్కనీలో విడిగా ఒక గిన్నె, చెంచా పెట్టుకుని పౌచ్ తిండి పెట్టడం చాలా శాకాహార కుటుంబాలు కుదుర్చుకున్న రాజీ, అది మంచి రాజీ. అదీ కుదరదనుకుంటే మాంసాహారి కాని ఏ ప్రాణినైనా చట్టం ఒప్పుకున్నంతలో పెంచుకోవడం నయం. పిల్లి మాత్రం పుట్టు మాంసాహారి.

ఎనిమిది వారాలు

2015లో మ్యూలర్, ఆలివ్రీ, ప్రెలోల బృందమే లెక్క చూసి చెప్పిందేమిటంటే, తిండి అలర్జీ ఉన్న పిల్లుల్లో నూటికి తొంభైకి పైగా ఎనిమిది వారాల్లో తేరుకుంటాయి. పది రోజులకే ‘ఏమీ మారలేదు’ అని ఆపేస్తే పెట్టిన డబ్బంతా గంగలో పోసినట్టే.

ముందుగా సరుకు లెక్క వేసుకోండి. నాలుగు కిలోల పిల్లికి రోజుకు సుమారు 200 కేలరీలు కావాలి. డ్రై ఫుడ్ వంద గ్రాములకు 350 నుంచి 400 కేలరీలు ఇస్తుంది, అంటే రోజుకు 50 నుంచి 57 గ్రాములు. యాభై ఆరు రోజులకు సుమారు మూడు కిలోలు. మధ్యలో సరుకు అయిపోయి, కొత్తది వచ్చేదాకా ‘ఈ రెండు రోజులకీ పాతదే’ అంటే మళ్లీ మొదటికొస్తారు.

కొత్త తిండికి ఒక్కసారిగా మారకండి. వారం పది రోజులు పాతదాంట్లో కొంచెం కొంచెంగా కలుపుతూ పెంచండి. ఎనిమిది వారాల లెక్క పూర్తిగా మారిన రోజు నుంచే. పిల్లి మూతి తిప్పుకుంటే పౌచ్ తిండిని గోరువెచ్చగా చేసి చూడండి, వాసన తగిలితే తింటుంది. చిన్నప్పటి నుంచి కరకరలాడే కిబుల్ తిన్న పిల్లికి మెత్తటిది తిండిలాగే అనిపించదు, దానికి అదే కొత్త మాంసంతో చేసిన డ్రై ఫుడ్ వెతకాలి. ‘ఆకలేస్తే అదే తింటుంది’ అని పస్తు పెట్టడం కుక్క దగ్గర చెల్లుతుంది, పిల్లి దగ్గర చెల్లదు. రెండు మూడు రోజులు తినని పిల్లికి, అందులోనూ లావుపాటి పిల్లికి, కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే డాక్టర్‌కు ఫోన్ చేయండి.

ఇక అసలు కష్టం పిల్లితో కాదు, ఇంటివాళ్లతో. ‘ఒక్క నెత్తల్లికే ఏమవుతుంది’ అనేవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు. వాళ్లతో వాదించకండి, పని అప్పగించండి. పిల్లికి తిండి పెట్టే బాధ్యత నానమ్మదే అనండి, పొద్దున్నే కొలిచిన గింజలు డబ్బాలో పోసి ఆవిడకే ఇవ్వండి. మీగడ పెట్టాలనిపించినప్పుడు ఆ డబ్బాలోంచి నాలుగు గింజలు పెడుతుంది. తిండి పెట్టే సంతోషం ఆవిడకు మిగులుతుంది, పరీక్షా చెడదు. వద్దని చెప్పి దూరం పెడితే చాటుగా పెడతారు. చాటుగా పెట్టింది కాగితం మీదికి రాదు.

ఇంట్లో రెండు పిల్లులుంటే రెండింటికీ అదే తిండి పెట్టడం తేలిక, ఖర్చు భరించలేకపోతే వేర్వేరు గదుల్లో పెట్టి గిన్నెలు వెంటనే తీసేయండి. చికెన్ రుచి కలిపిన నులిపురుగుల బిళ్లలు, విటమిన్ పేస్టులు, బొచ్చు ఉండలు బయటికి పోవడానికి ఇచ్చే జెల్, ఇవన్నీ తిండి కిందే లెక్క. చర్మానికి మంచిదని ఇచ్చే చేపనూనె కూడా అంతే, చేప మీద అనుమానం ఉన్నప్పుడు దాన్ని ఆపాలి. దానికి బదులు అవిసె నూనె పోస్తే ఫలితం లేదు, అందులోని కొవ్వును పిల్లి ఒళ్లు తనకు కావలసిన రూపంలోకి మార్చుకోలేదు.

బయట తిరిగే పిల్లికి ఈ పరీక్ష చేయడం కుదరదు. నాలుగిళ్లలో తినే పిల్లి దగ్గర ఎనిమిది వారాల నియమం మాటవరసకే. పరీక్ష ఉన్నన్నాళ్లూ ఇంట్లో ఉంచగలిగితే చేయండి, లేకపోతే డబ్బు తగలేయకుండా దురదకు మందు ఏమిటో డాక్టర్‌ను అడగండి.

మొదటి రెండు మూడు వారాలు దురద భరించలేనంత ఉంటే డాక్టర్ ప్రెడ్నిసొలోన్ బిళ్లలు ఇవ్వవచ్చు, పరీక్ష చెడిపోదు. కానీ చివరి వారాల్లో ఆ మందు లేకుండా చూస్తేనే తగ్గుదల తిండి వల్లో, మందు వల్లో తెలుస్తుంది. నెలల తరబడి పనిచేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ తేలికే, కానీ పిల్లుల్లో అది షుగర్ జబ్బు తెచ్చిపెట్టగలదు. మన ఇంట్లో జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, ఒక్క బిళ్ల పిల్లిని చంపగలదు.

ప్రతి ఆదివారం ఒకే వెలుతురులో, ఒకే చోట ఫోటో తీయండి. పిల్లులు దాక్కుని నాక్కుంటాయి, కాబట్టి గోక్కోవడం తగ్గిందనే మన అంచనాను నమ్మలేం. పొట్ట మీద బొచ్చు మొలిచిందా, మెడ మీద పెచ్చులు రాలాయా, ఇది ఫోటోలే చెబుతాయి.

పాత తిండి మళ్లీ పెట్టాలి

ఎనిమిదో వారానికి బొచ్చు మొలిచి, పిల్లి హాయిగా నిద్రపోతుంటే మళ్లీ పాత తిండి పెట్టమంటే ఎవరికైనా కోపం వస్తుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆగితే ఏమవుతుందంటే, మధ్యలో వేసిన ఫ్లీ మందు వల్ల తగ్గిందో, కాలం మారి పుప్పొడి పోయి తగ్గిందో తెలియకుండానే జీవితాంతం ఆ ఖరీదైన సంచి కొంటూ ఉంటారు. పాత తిండి పెట్టి రెండు వారాలు చూడండి. తిండి అలర్జీ అయితే ఎక్కువ పిల్లుల్లో వారంలోపే దురద మొదలవుతుంది. మొదలైన వెంటనే కొత్త తిండికి తిరిగిపోండి, దురద తగ్గాక ఒక్కో పదార్థాన్నీ విడివిడిగా పరీక్షించండి: ముందు ఉడికించిన చికెన్, అది పడితే చేప, ఆ తర్వాత గుడ్డు. ఒక్కోదానికి రెండు వారాలు. చికెన్‌తో మొదలు పెట్టమనడంలో నా స్వార్థం లేదు, అది పడుతుందని తేలితే మీ ఖర్చు సగానికి పడిపోతుంది.

ఎనిమిది వారాల్లో ఏ మార్పూ లేకపోతే దోషం దాదాపుగా తిండిది కాదనుకోవచ్చు. పిల్లి మామూలు తిండికి తిరిగి రావచ్చు, దురదకు సైక్లోస్పోరిన్ లాంటి మందుల దారి డాక్టర్ చూస్తారు. కొంత తగ్గి కొంత మిగిలితే రెండు కారణాలు కలిసి ఉన్నాయని అనుకోవాలి. తిండీ, ఫ్లీ రెండూ పడని పిల్లులు తక్కువేం కాదు.

పడనిదేదో తేలాక రోజువారీ తిండి ఎంచుకోవడం చిన్న పని. అది లేని, ‘కంప్లీట్’ అని రాసిన, పిల్లి ఇష్టంగా తినే, మీ జేబు మోయగల తిండి ఏదైనా సరే. సంచి తెరిచాక గాలి చొరని డబ్బాలో పెట్టండి. వానాకాలం తేమకు కిబుల్‌లో కంటికి కనిపించని మైట్లు పుడతాయి, వాటికీ కొన్ని పిల్లులు దురద తెచ్చుకుంటాయి. కంపెనీలు ముందు బొమ్మ మార్చకుండానే వెనక పదార్థాలు మారుస్తుంటాయి. పట్టికను ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకుని, ప్రతిసారీ కొత్త సంచి డబ్బులిచ్చే ముందు ఆ ఫోటోతో పోల్చి చూడండి.